వెనక కూర్చునే మనిషి

ఫిబ్రవరి 9

ప్రియమైన అమ్మమ్మకి,

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "ఏంటీ?" అన్నావు. నాలుగోసారి ఎత్తనే లేదు. ముప్పై ఏళ్ళు తాతయ్య తుపాకీ వెనక కూర్చున్న చెవులతో ఈ కుస్తీ ఎందుకని కాగితం తీశాను.

విషయం ఇది. మా క్లబ్బులో నన్ను మూడు వందల మీటర్ల వరస నుంచి ఐదు వందల మీటర్లకి మార్చారు. తాతయ్య రైఫిల్ నా పేరు మీదికి మారిందని నీకు తెలుసు కదా, దానితోనే. మే 18 ఆదివారం ఎంపిక పోటీ. ఇరవై గుళ్ళు. క్లబ్ జట్టులోకి నలుగురిని తీసుకుంటారు. ప్రస్తుతం నేను ఐదోదాన్ని. ఐదోవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? మిగతా నలుగురి సంచులు మోస్తారు.

పోటీలో ఒక్కొక్కరి వెనక ఒక మనిషి కూర్చోవచ్చు. స్కోప్‌లోంచి చూసి గుండు ఎక్కడ పడిందో, గాలి ఎటు మళ్ళిందో చెప్పవచ్చు. అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు. నా వెనక ఎవరూ లేరు. నువ్వు రా. ఊళ్ళో అందరి గాలి లెక్కలూ చెప్పినదానివి, నాకు చెప్పవా?

రానంటావని తెలుసు. అలా అయితే కనీసం స్కోప్, దాని స్టాండు ఎలాంటివి కొనాలో చెప్పు. మా సర్వే ఆఫీసులో మంచి ముక్కాలి స్టాండు ఒకటి ఖాళీగా పడి ఉంది. అది చాలదా?

అమ్మ అడగమంది: తాతయ్య పోయాక ఏడ్చావా? ఒక్కసారైనా?

నీ పిడుగు


ఫిబ్రవరి 17

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం నిన్న చేరింది. తేదీ వేశావు, సంతోషం. పేజీలకి అంకెలు వేయలేదు.

రాను. కారణం అడగవద్దు. తాతయ్య పోయినప్పటి నుంచి స్కోప్ పెట్టె తెరవలేదు. దాన్ని నీకు పంపనూ లేను. అది చిన్నది, పాతది, నా అలవాటు మీద నడిచింది. నీకు కొత్తది కావలసిందే.

ముందు స్టాండు కొను. అందరూ స్కోప్ మీద మోజుపడి, చివర్లో ఏదో ఒక స్టాండు తెచ్చుకుంటారు. దూరాన్ని నలభై రెట్లు దగ్గరికి లాగే గొట్టం ఇక్కడ వెంట్రుకవాసి కదిలితే అక్కడ బోర్డు మొత్తం కళ్ళముందు నుంచి జారిపోతుంది. మీ ఆఫీసు స్టాండు నిలబడి పనిచేసేవాళ్ళ కోసం చేసినది. కాళ్ళు పూర్తిగా దించినా కూర్చున్న మనిషి నుదురు దాటి ఉంటుంది. దాన్ని ఆఫీసులోనే ఉంచు. నీకు కావలసినది లావు కాళ్ళది. ఒక్కొక్క కాలు రెండు మూడు ముక్కలకి మించకూడదు. ముక్కలు పెరిగితే వణుకు పెరుగుతుంది. మధ్య గొట్టం పైకి లాగే ఏర్పాటు ఉన్నా లాగవద్దు. దాని కింద కొక్కెం ఉండాలి, ఆ కొక్కేనికి ఇసుక సంచి వేలాడదీయాలి. పైన తలభాగం చిటికెనవేలితో తోస్తే నెమ్మదిగా తిరగాలి, వేలు తీసిన చోట ఆగాలి.

స్కోప్‌కి ముందు అద్దం ఎనభై మిల్లీమీటర్లు ఉండాలి. అరవై రెట్లు అని పెట్టె మీద చూసి మురిసిపోకు. ఎండెక్కాక అరవై రెట్లలో కనిపించేది బోర్డు కాదు, మరుగుతున్న నీళ్ళు. ముప్పై దగ్గర పెట్టుకుని ఎండమావులు ఎటు పారుతున్నాయో చూడాలి. అదే గాలి. వాతావరణ కేంద్రంలో ముప్పై నాలుగేళ్ళు గాలిని రిజిస్టరులో రాసినదాన్ని చెబుతున్నాను, జెండా చూసి గాలి చెప్పేవాళ్ళని నమ్మవద్దు. జెండా తన దగ్గరి గాలినే చెబుతుంది. గుండు దారంతా వెళ్ళాలి.

ఇక్కడి సంగతులు. తిండి, నిద్ర సరిపోతున్నాయి. తాతయ్య వాచీల దుకాణం ఖాళీ చేసి ఇచ్చేశాను. గోడ గడియారాలు పదకొండు ఇంటికి వచ్చాయి. వేటికీ కీ ఇవ్వలేదు. పదకొండూ పదకొండు వేళలు చూపిస్తున్నాయి. ఇబ్బందిగా ఏమీ లేదు.

మీ అమ్మకి జవాబు. కేంద్రంలో వాన పడని రోజున వర్షపాతం గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ అంటే చూడలేదని అర్థం. సున్నా వేయాలి. సున్నా అంటే చూశాను, లేదు అని. నేను రోజూ చూస్తున్నాను. పదకొండు నెలలుగా సున్నా.

ఇట్లు,
అమ్మమ్మ


మార్చి 4

ప్రియమైన అమ్మమ్మకి,

పేజీలకి అంకెలు వేశాను. చూసుకో, మురిసిపో.

దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పక్షుల కోసమా మేడమ్?" అన్నాడు.

"కాదండీ, చిల్లుల కోసం."

పాపం, గబగబా లోపలికి వెళ్ళాడు. తర్వాత ఒక తేలిక స్టాండు తెచ్చి చూపుడువేలు మీద నిలబెట్టాడు. "చూడండి, ఈక! ఈకంత బరువు!"

"ఈక నాకెందుకండీ? ఎగిరిపోతుంది. మా అమ్మమ్మ ఇసుక సంచి కట్టమంది."

"అయితే మీ అమ్మమ్మగారినే తీసుకురండి, ఆవిడతోనే మాట్లాడతాను" అన్నాడు. వద్దులెండి, మీరు తట్టుకోలేరన్నాను.

లావు కాళ్ళ స్టాండు దొరికింది. గుమ్మం బయట నిలబెట్టి కాలితో నేలని తట్టి చూశాను. పైన స్కోప్‌లో ఎదురు వీధి బోర్డు కదిలి, మూడు అంకెలు లెక్కపెట్టే లోపు నిలిచింది. ఈక స్టాండు అయితే పదకొండు దాకా ఊగింది.

స్కోప్ దగ్గరే ఆగిపోయాను. ఎనభై మిల్లీమీటర్లవి రెండు రకాలు. ఒకదానికి కన్ను పెట్టే గొట్టం తిన్నగా ఉంది. రెండోదానికి వెనక భాగం ఏటవాలుగా పైకి వంగి ఉంది. ఏది తీసుకోను?

నా వెనక కూర్చోడానికి ఒకరు దొరికేలా ఉన్నారు. పెద్దావిడ. కళ్ళజోడు ఉంది. మెడ నొప్పి, నడుము నొప్పి కూడా ఉన్నాయి. మాట కరుకు. ఇంకా ఒప్పుకోలేదు. అలాంటావిడకి ఏది నప్పుతుంది? నువ్వు రేంజ్‌లో కూర్చునే మడత కుర్చీ ఎత్తెంత?

ఇంకొకటి. మీ బాల్కనీ ఎదురుగా ఆ మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంది కదా, దాని మీద అంకె ఏంటి? ఊరికే అడుగుతున్నా.

నీ పిడుగు


మార్చి 12

ప్రియమైన పిడుగుకి,

నేటికి ఏడాది. ఆయన పోయినది మంగళవారం, ఈసారి తేదీ బుధవారం పడింది. దుకాణంలో, కుర్చీలో, కంటికి వాచీల భూతద్దం పెట్టుకునే పోయారు. మీ అమ్మ పొద్దున ఫోన్ చేసింది. మాటలు సగం వినబడలేదు. ఏడుస్తోందని మాత్రం తెలిసింది. "అలాగే" అన్నాను. ఆ తర్వాత పెట్టేశాను.

వంగి ఉన్నదే తీసుకో. తిన్నగా ఉన్నదాంట్లో బోర్డు త్వరగా దొరుకుతుంది, నిజమే. కాని వెనక కూర్చునే మనిషి బోర్డును వెతకడానికి రాదు, గంటలకొద్దీ చూడడానికి వస్తుంది. వంగిన గొట్టంలోకి తల కాస్త దించితే చాలు, మెడ పట్టేయదు. స్టాండు కూడా పొట్టిగా ఉంచుకోవచ్చు. పొట్టిదైతే నిలకడ.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకొక సంగతి. కన్ను ఆనించే రబ్బరు అంచును మడవగలగాలి. కంటికీ గాజుకీ మధ్య పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉన్నా బొమ్మ నిండుగా కనిపించాలి. లేకపోతే చిన్న కన్నంలోంచి చూసినట్టు ఉంటుంది. కళ్ళజోడు శుభ్రంగా ఉంచుకోమని ఆవిడకి చెప్పు. మీ తాతయ్య చివరి నెలల్లో, ఆదివారం బయలుదేరే ముందు నా కళ్ళజోడు లాక్కుని, వాచీ అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చేవారు. మరకేమీ లేదు, ఇవ్వండి అన్నా వినేవారు కాదు. ఆ వయసులో ఎందుకు పట్టుకుందో ఆ అలవాటు.

నా కుర్చీ ఎత్తు నలభై నాలుగు సెంటీమీటర్లు. కుర్చీని నీ కుడి భుజానికి సరిగ్గా వెనక వేయించు. పక్కకి జరిగితే పనికిరాదు. తుపాకీ గొట్టం వెనకే కూర్చుంటే గుండు వెళ్ళిన దారిలో గాలి సన్నగా చెదరడం కనిపిస్తుంది. ఒక్క క్షణం. దాన్ని పట్టుకున్న మనిషికి చిల్లు వెతకనక్కరలేదు. చెప్పేది గడియారం ముల్లు లెక్కన చెప్పాలి. "మూడు గంటల వైపు, బెత్తెడు" అంటే కుడికి బెత్తెడు. ఆయన వాచీల మనిషి కాబట్టి మాకు అదే వచ్చింది. అందరికీ అదే సులువు.

ట్యాంకు మీద అంకె 14. ఒకటి కింద రంగు కారి ఎండిపోయింది. మూత గొళ్ళేనికి ఇనుప తీగ చుట్టారు, మూడు చుట్లు. ఊరికే అడగడం మన ఇంట్లో లేదు. ఎందుకు అడిగావో రాయి.

ఆ పెద్దావిడ ఎవరు? ఎక్కడ నేర్చుకుంది? గాలి చదవడం వచ్చా, లేక కళ్ళజోడు ఒక్కటే ఉందా? గుళ్ళ లెక్కల పుస్తకం రాస్తుందా? మాట కరుకు అన్నావు, అది ఉండవలసిందే. అబద్ధం చెప్పే మనిషిని మాత్రం వెనక కూర్చోబెట్టుకోకు.

నీ దగ్గర మా పుస్తకాలు రెండున్నాయి. గోధుమరంగు పుస్తకం వాడుకో. గాలి, దానికి తగ్గట్టు గురి జరిపే మీట తిప్పిన లెక్క, గుండు పడిన చోటు అన్నీ అందులో ఉన్నాయి. చివరి ఏడాది నీలం పుస్తకం వాడవద్దు. తిరిగి పంపు.

ఇట్లు,
అమ్మమ్మ


ఏప్రిల్ 6

ప్రియమైన అమ్మమ్మకి,

నీలం పుస్తకం పంపలేదు. ముందు తిట్టేసి తర్వాత మిగతాది చదువు.

వద్దన్నావు కాబట్టే తెరిచాను. జనవరి 14 పేజీ. ఎడమ నుంచి గాలి, మీట ఆరు మెట్లు. తాతయ్య ఇరవైలో పద్దెనిమిది గుళ్ళు పదిలో, అంటే నడిబొడ్డున. ఈ రోజు మా రేంజ్‌లో అచ్చం అదే గాలి. నువ్వు చెప్పినట్టు ఎండమావులు చూసుకున్నాను. నేను కూడా ఆరు మెట్లు తిప్పి కొట్టాను. నాలుగు గుళ్ళూ జాన పక్కకి పోయాయి. మా కోచ్ పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "ఈయన కొట్టింది ఏ రేంజ్‌లోనమ్మా? చంద్రుడి మీదా?" అన్నాడు.

"కొట్టింది ఆయన. చూసి రాసింది మా అమ్మమ్మ."

"అయితే ఆవిడ కళ్ళు ఎవరికైనా చూపించండి."

పుస్తకం లాక్కుని వచ్చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గోధుమరంగు పుస్తకంలో మాత్రం ఒక్క లెక్క కూడా తప్పలేదు. దాన్ని పట్టుకునే ఈ నెల ఐదు నుంచి నాలుగుకి వచ్చాను. కాని మూడోవాడు దగ్గరలో లేడు, ఐదోది నా మెడ మీద ఊపిరి వదులుతోంది. వెనక మనిషి లేకపోతే మే 18న మళ్ళీ సంచులే.

అమ్మమ్మా, సూటిగా అడుగుతున్నాను. ఆ ఏడాది నీ కళ్ళకి ఏమైనా అయిందా? ట్యాంకు మీద తీగ చుట్లు కూడా లెక్కపెట్టావు. నీ ఉత్తరంలో వరసలు స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. నాకు లెక్క కుదరడం లేదు. నాకు ఇది తెలియాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ పిడుగు


ఏప్రిల్ 15

ప్రియమైన పిడుగుకి,

నా కళ్ళకి ఏమీ కాలేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను అబద్ధం రాశాను.

జరిగినది వరుసగా రాస్తాను. ఆయన పోవడానికి ఐదు నెలల ముందు, అక్టోబరు 15, ఆదివారం. మొదటి గుండు ఆరులో పడింది. రెండోది బోర్డు అంచున. వేసవి నుంచీ ఆయన చేతికి వణుకు ఉంది. దుకాణంలో చిన్న స్క్రూలు జారిపోతున్నాయని నాకు తెలుసు, ఆయన చెప్పలేదు. మోకాలు పాడయ్యాక ఆయన బోర్డు దాకా నడవడం మానేసి అప్పటికి రెండేళ్ళయింది. నేను చెప్పినదే ఫలితం. మూడో గుండు కొట్టి, తల తిప్పకుండా, "ఎంత?" అన్నారు. ఏడు గంటల వైపు, జాన, అని నాలుక చివరన ఉంది. "పది" అన్నాను.

ఆయన ఊపిరి వదిలారు. పుస్తకంలో పది రాశాను.

ఒకసారి పది అని రాశాక ఆ పక్కన గాలి గడి కూడా దానికి సరిపోయేలా రాయాలి. అలా ఇరవై రెండు ఆదివారాలు. అయ్యాక నేనే బోర్డు దాకా వెళ్ళి, కాగితం విప్పి, మడిచి సంచిలో వేసుకుని, ఇంటికి వచ్చి చింపేసేదాన్ని. అసలు లెక్క వేరే నోటులో రాసి బీరువాలో పెట్టాను. అది మానలేకపోయాను. మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని నీలం పుస్తకంలో ఆ రోజు పేజీ కింద ఇద్దరం సంతకం పెట్టేవాళ్ళం, కొట్టినవారు, చూసినవారు. ఆయన చదవకుండా సంతకం పెట్టేవారు కాదు. అంకెల మీద వేలు పెట్టి చదివి, అప్పుడు పెట్టేవారు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని.

ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగంలో ఒక్క అంకె మార్చలేదు. గాలి కొలిచే మర చెడిపోయిన రోజు "చెడిపోయింది" అని రాసి మాట పడ్డాను గాని ఊహించి రాయలేదు. ఆయనకి మాత్రం రాశాను. ఆయన నమ్మి వెళ్ళిపోయారు. సరిదిద్దడానికి ఆయన లేరు. అందుకే ఆ పెట్టె తెరవను. అలాంటి మనిషి నీ వెనక కూర్చోకూడదు. ఆ పెద్దావిడ ఒప్పుకుంటే ఆవిడనే పెట్టుకో.

ఇది రాసేటప్పుడు ఏమైనా అనిపిస్తుందేమో అనుకున్నాను. అనిపించలేదు. గీతల మధ్య సరిగ్గానే రాస్తున్నాను.

ఇట్లు,
అమ్మమ్మ


ఏప్రిల్ 24

ప్రియమైన అమ్మమ్మకి,

తాతయ్యకి ఇచ్చిన మాట ఇప్పుడు తప్పుతున్నాను. వేరే దారి లేదు.

ఆయన పోయిన ఏడాది జనవరిలో నేను వచ్చాను కదా. స్టేషన్‌లో రైలు కదిలే ముందు తాతయ్య నా చేతిలో చీటీ పెట్టారు. దుకాణంలో వాచీలకి కట్టే అట్టచీటీ. ఒక వైపు "స్ప్రింగు మార్చాలి, శనివారం" అని ఉంది. రెండో వైపు నాకు రాశారు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"పిడుగూ, మీ అమ్మమ్మకి చూపు తగ్గింది. తనకి తెలియదు. చేతులు ఇంత వణుకుతుంటే పదులు ఎలా పడుతున్నాయా అని డిసెంబరు మొదటి ఆదివారం, తను చేతులు కడుక్కునే లోపు బోర్డులు మార్చే మనిషి బండి ఎక్కి వెళ్ళి చూశాను. ఆరు తగిలితే పది అంటోంది. బయటికి పోయినా పదే. తను అబద్ధం చెప్పదు. కాబట్టి కళ్ళే. నా గురి పోయింది, ఆ సంగతి నాకు తెలుసు, దానికేం. తను తప్పు రాసిందని మాత్రం ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే ఇక పుస్తకం ముట్టదు. ముందు అద్దం పెద్దగా ఉన్న స్కోప్, కదలని స్టాండు చూసిపెట్టు. మెడ వంచే పని ఉండకూడదు. కళ్ళజోడుతో చూడగలగాలి. తనకి ఏది నప్పుతుందో తననే ఏదో వంకతో అడుగు, నాకన్నా తనకే బాగా తెలుసు. అందాకా ఆదివారాలు మానను. మానితే కళ్ళ సంగతి బయటపడుతుంది."

నేను చూసిపెట్టేలోపే ఆయన పోయారు. ఏడాది ఆ చీటీ నా పర్సులోనే ఉంది. ఎవరికి కొనాలి, ఎందుకు కొనాలి, తెలియలేదు. నాకు వెనక మనిషి కావలసి వచ్చాక, ఆయన చెప్పిన వంక దొరికింది. పెద్దావిడ నువ్వే. ట్యాంకు అంకె అడిగింది నీ చూపు ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి. నీ జవాబు చదివి తాతయ్య పొరబడ్డారని అర్థమైంది. నీలం పుస్తకం ఎందుకు తప్పిందో మాత్రం నీ ఉత్తరం వచ్చేదాకా అర్థం కాలేదు.

స్కోప్, స్టాండు పార్సిల్ చేశాను. అన్నీ నువ్వు ఎంచినవే. అడిగింది తాతయ్య. నీలం పుస్తకం కూడా పెట్టాను. చీటీ అందులోనే ఉంది.

మే 18. నాలుగో స్థానం ఇప్పటికి నాదే. నా వెనక కుర్చీ ఖాళీ. ఇంకేమీ రాయలేను.

నీ పిడుగు


మే 6

ప్రియమైన పిడుగుకి,

ఉత్తరం 30న వచ్చింది. చదివి మడిచి, కూరగాయలు తరిగాను. పార్సిల్ 2న వచ్చింది. సంతకం చేసి తీసుకుని గోడ పక్కన పెట్టాను. 4 దాకా తెరవలేదు.

"తను అబద్ధం చెప్పదు. కాబట్టి కళ్ళే." ఈ రెండు మాటలు ఎన్నోసార్లు చదివాను. ఆయన వేసుకున్న లెక్కలో తప్పు ఎక్కడుందా అని వెతికాను. లెక్కలో తప్పు లేదు. మొదట వేసిన అంకె తప్పు. ఆ అంకె నేను.

నీలం పుస్తకం తీసి చూశాను. ఇరవై రెండు పేజీలు. మొదటి ఏడు తెలియక సంతకం పెట్టారు. తర్వాతి పదిహేను తెలిసి పెట్టారు. వేలు పెట్టి, ఒక్కొక్క అంకె చదివి, తప్పని తెలిసి, కింద సంతకం. ఆ వేలు వణుకు వల్ల ఆగి ఆగి కదులుతోందని అనుకున్నాను.

కళ్ళజోడు తుడవడం ఏ ఆదివారం మొదలైందో నా నోటులో ఉంది. డిసెంబరు 10. "అనవసరంగా ఐదు నిమిషాల ఆలస్యం" అని రాసుకున్నాను. రేంజ్‌లో ప్రతి గుండుకీ "కనిపిస్తోందా?" అని అడగడం కూడా అప్పటి నుంచే. "ఎందుకు కనిపించదు?" అని కసిరేదాన్ని.

నాకు ఆ చలికాలమంతా నడుము నొప్పి. ఆదివారం వద్దందామని ప్రతి శనివారం అనుకునేదాన్ని, ఆయన మనసు కష్టపెట్టుకుంటారని మానేసేదాన్ని. ఆయనకి మోకాలు. ఇద్దరం హాయిగా ఇంట్లో కూర్చుని ఉండవలసినవాళ్ళం. ఒకరి కోసం ఒకరం ఆ చలిలో పదిహేను ఆదివారాలు కూర్చున్నాం. ఇది మంచిదో చెడ్డదో తెలియడం లేదు. ఏ గడిలో రాయాలో తెలియడం లేదు.

తెలిసిన పని చేశాను. రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క ఎర్ర గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. బీరువాలోని నోటు తీసి, నాలుగు వందల నలభై గుళ్ళూ సరిచూశాను. నూట డెబ్బై మూడింటికి గీత పడింది. రెండు రోజులు పట్టింది. చివరి పేజీ కింద, "తప్పు రాసినది నేను. తెలిసి ఒప్పుకున్నది ఆయన" అని రాశాను. పుస్తకం ఇప్పుడు సరిగ్గా ఉంది. నువ్వు వాడుకోవచ్చు.

ఈ ఉదయం స్టాండు బాల్కనీలో నిలబెట్టాను. మధ్య గొట్టం లాగలేదు. ఇసుక లేక కొక్కేనికి పాత ఇనప రోలు సంచిలో వేసి కట్టాను. స్కోప్ బిగించి, ముప్పై రెట్ల దగ్గర పెట్టి, రబ్బరు అంచు మడిచి చూశాను. బొమ్మ నిండుగా ఉంది. మెడ వంచవలసిన పని లేదు. తలభాగం వేలు తీసిన చోట ఆగుతోంది. బాగా ఎంచావు. నేనే ఎంచాను. ఆయన ఎంపిక చేయించారు.

ట్యాంకును చూస్తుంటే కాసేపటికి మసక వచ్చింది. స్కోప్ అనుకుని గాజు చూశాను, శుభ్రంగా ఉంది. దుకాణం సామాను పెట్టెలోంచి ఆ మెత్తటి గుడ్డ తీసి కళ్ళజోడు తుడిచాను. మళ్ళీ చూశాను. మళ్ళీ తుడిచాను.

16 శుక్రవారం సాయంత్రం రైలు. స్టాండు నేనే మోసుకొస్తాను, ఎవరికీ ఇవ్వవద్దు. కుర్చీ నలభై నాలుగు సెంటీమీటర్లు. నలభై ఆరు తెస్తే నిలబడి చూస్తాను, నీకే నష్టం. ఆరు తగిలితే ఆరు అంటాను. బయటికి పోతే బయటికి అంటాను. ముఖం ముడుచుకోకూడదు. మీ కోచ్‌ని ట్యాంకు అంత దూరంలో ఒక బోర్డు పెట్టమను, నా కళ్ళు నేనే చూపిస్తాను.

కేంద్రంలో ఇంకొక నియమం ఉండేది, మీ అమ్మకి చెప్పలేదు. కొలిచే గ్లాసుకి అందనన్ని చినుకులు పడిన రోజు కూడా సున్నా వేయకూడదు. పడిందని రాయాలి, ఎంతో రాయనక్కరలేదు. ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా ఈ రోజు సున్నా వేయలేదని మీ అమ్మకి చెప్పు.

ఇట్లు,
నీ వెనక కూర్చోబోయే
అమ్మమ్మ